వాన రోడ్డు మీద కారు పట్టు: టైర్లు, సస్పెన్షన్ సర్దుబాటు

తడి రోడ్డు మీద కారు అదుపు తప్పకుండా, స్టీరింగ్‌కూ బ్రేకుకూ సరిగా స్పందించేలా దాని టైర్లను, స్ప్రింగులను, షాక్ అబ్జార్బర్లను, యాంటీ రోల్ బార్లను, చక్రాల కోణాలను అమర్చుకునే పనిని రేసింగ్ రంగంలో ‘వెట్ సెటప్’ అంటారు. మామూలు కారు యజమాని ఈ పేరు వినకపోవచ్చు. అయినా ఏ టైరు కొనాలి, గాలి ఎంత పట్టించాలి, షాక్ అబ్జార్బర్లు ఎప్పుడు మార్చాలి అని అతను తీసుకునే నిర్ణయాలన్నీ ఈ కోవలోకే వస్తాయి. వానకు సస్పెన్షన్ మెత్తగా ఉండాలన్న సూత్రం బాగా ప్రచారంలో ఉంది. అందులో నిజం సగమే. సస్పెన్షన్ పట్టును పుట్టించలేదు. టైరుకు దొరికిన పట్టును నాలుగు చక్రాలకూ సరిగా పంచి, వృథా కాకుండా కాపాడగలదు. కాబట్టి ముందు నీటి సంగతి, తరవాత టైరు సంగతి తెలిస్తేనే స్ప్రింగు సంగతి అర్థమవుతుంది.

నీటి పొర కింద ఏం జరుగుతుంది

పొడి తారు రోడ్డు మీద మంచి కారు టైరు ఘర్షణ గుణకం సుమారు 0.8 నుంచి 1.0 దాకా ఉంటుంది. రోడ్డు తడిస్తే అది 0.4–0.7 మధ్యకు దిగుతుంది. టైరు పూర్తిగా నీటి మీద తేలితే చెప్పుకోదగ్గ పట్టేమీ మిగలదు.

రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. రబ్బరు, రాయి అణువుల స్థాయిలో దగ్గరై అంటుకోవడం మొదటిది. రెండోదాన్ని హిస్టరిసిస్ అంటారు. రోడ్డులోని కంకర మొనలు రబ్బరును నొక్కుకుంటూ పోతాయి. రబ్బరు నలిగి మళ్ళీ తన రూపానికి వచ్చేటప్పుడు, తీసుకున్న శక్తినంతా తిరిగి ఇవ్వకుండా కొంత వేడిగా పోగొట్టుకుంటుంది. ఆ నష్టమే జారుడును అడ్డుకునే బలంగా పనిచేస్తుంది. నీటి పొర అడ్డుపడితే మొదటి పట్టు చాలావరకు పోతుంది, రెండోది నిలబడుతుంది. పొర పలచనైతే కంకర మొన దాని గుండా కూడా రబ్బరును నొక్కగలదు. కందెన పూసిన రబ్బరు మీద గట్టి వస్తువులను జార్చి, ఘర్షణకు రబ్బరు నలుగుడులో పోయే శక్తే ముఖ్య కారణమని కేంబ్రిడ్జిలో గ్రీన్‌వుడ్, టేబర్ 1958లో చూపించారు. వానలో పట్టు కావాలంటే శక్తిని బాగా మింగే రబ్బరు కావాలన్న ఆలోచనకు టైరు పరిశ్రమలో దీనితో బలం చేకూరింది. కాని అలాంటి రబ్బరు త్వరగా వేడెక్కుతుంది, ఇంధనం ఎక్కువ తాగిస్తుంది. ఈ పేచీ తీరడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

తడిలో దొర్లే టైరు నేలను తాకే చోటును మూడు భాగాలుగా చూడాలని డన్‌లాప్ ఇంజినీరు గఫ్ 1950ల చివర వివరించాడు. ముందు భాగంలో నీరు చీలికలా టైరు కిందకు దూరి దాన్ని పైకి లేపడానికి చూస్తుంది. మధ్య భాగంలో పలచని పొర మిగిలి, అక్కడక్కడా కంకర మొనలు దాన్ని చీల్చుకుని రబ్బరును తాకుతాయి. వెనక భాగంలోనే రబ్బరు రోడ్డును నిజంగా పట్టుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ మొదటి భాగం వెనక్కి పాకుతూ మూడో భాగాన్ని తినేస్తుంది.

టైరుకు దొరికే వ్యవధి ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నేలను తాకే భాగం పొడవు 12 సెంటీమీటర్లు అనుకుందాం. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. అంటే రబ్బరులోని ఒక బిందువు నేల మీద ఉండేది సుమారు 5 మిల్లీసెకన్లు. ఆ లోపలే నీటిని తోసెయ్యాలి, మిగిలిన పొరను చీల్చాలి, రోడ్డును పట్టుకోవాలి. రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి, టైరు వెడల్పు 20 సెంటీమీటర్లు ఉంటే, ఆ వేగంలో ఒక్కో ముందు చక్రం సెకనుకు 15 లీటర్ల నీటికి దారి చూపాలి.

దారి చూపలేనప్పుడు చక్రం నీటి మీద తేలుతుంది. దీన్ని హైడ్రోప్లేనింగ్ లేదా ఆక్వాప్లేనింగ్ అంటారు. విమానాలు తడి రన్‌వేల మీద జారిపోవడాన్ని అధ్యయనం చేసిన నాసా పరిశోధకులు వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ 1963లో ఒక సరళమైన సూత్రం ఇచ్చారు. దాన్ని కారు లెక్కలోకి మారిస్తే, తేలే వేగం (గంటకు కిలోమీటర్లలో) సుమారు 16.65ను టైరులోని గాలి ఒత్తిడి (పి.ఎస్.ఐ.లో) వర్గమూలంతో గుణించినంత. 36 పి.ఎస్.ఐ. ఉంటే 100 కిలోమీటర్లు, 32 ఉంటే 94, గాలి దిగి 25కు వస్తే 83. టైరు లోపలి గాలి నేలను నొక్కే ఒత్తిడిని, ఎదురుగా వచ్చే నీటి ఒత్తిడి మించితే చక్రం లేస్తుందన్నదే ఇందులోని తర్కం. నీటి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది గనుక వర్గమూలం వచ్చింది.

ఈ సూత్రాన్ని కారుకు గుడ్డిగా వర్తింపజెయ్యకూడదు. ఇది విమానపు టైర్లకు, గాడుల లోతును మించి నీరు నిలిచిన సందర్భానికి పుట్టింది. గాడులు బాగున్న కారు టైరు పలచని నీటిలో ఇంకా ఎక్కువ వేగం దాకా నిలుస్తుంది. అరిగిన వెడల్పాటి టైరు అంతకంటే ముందే తేలవచ్చు. నీటి లోతు, గాడుల లోతు, రోడ్డు గరుకుదనం మూడింటినీ కలిపిన సూత్రాన్ని అమెరికాలోని టెక్సాస్‌లో గాలవే బృందం 1979లో ప్రతిపాదించింది. రోడ్డు ఇంజినీర్లు వాడేది ఎక్కువగా దాన్నే.

తేలడానికి పెద్ద వేగం అక్కర్లేని సందర్భాలూ ఉన్నాయి. నున్నగా అరిగిన తారు, జీబ్రా గీతల పెయింటు, వంతెనల అతుకుల దగ్గరి ఉక్కు పట్టీలు వంటి చోట్ల నీటి పొరను చీల్చే సన్నని గరుకు ఉండదు. అక్కడ తక్కువ వేగంలోనే చక్రం జారుతుంది. తొలకరి జల్లుది మరో రకం ప్రమాదం. నెలల తరబడి పేరుకున్న దుమ్ము, ఇంజిన్ నూనె, రబ్బరు పొడి మొదటి చినుకులతో కలిసి జిడ్డు ముద్దవుతాయి. గట్టి వాన పడి రోడ్డు కడిగాక పట్టు కొంత తిరిగి వస్తుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఏ స్ప్రింగు మార్చినా చెయ్యగలిగింది స్వల్పం.

టైరు

వాన పట్టులో పెద్ద వాటా టైరుదే. కొత్త కారు టైరుకు గాడుల లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. భారతదేశంలో కారు టైరుకు చట్టం అనుమతించే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు, ఐరోపాలోనూ అంతే. గాడుల అడుగున కనిపించే చిన్న రబ్బరు దిమ్మలు ట్రెడ్‌తో, అంటే నేలను తాకే పై పొరతో, సమానమైతే ఆ హద్దు వచ్చినట్టు. కాని వానకు ఈ హద్దు చాలా ఆలస్యంగా మోగే గంట. లోతు 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే నీటిని తోసే శక్తి బాగా పడిపోతుంది. చాలామంది తయారీదార్లు అక్కడే మార్చమంటారు. పొడి రోడ్డు మీద మాత్రం అరిగిన టైరు కొత్తదానికంటే కాస్త గట్టి పట్టే ఇస్తుంది. ట్రెడ్ దిమ్మలు పొట్టివై తక్కువగా ఊగడమే కారణం. వేసవంతా బాగున్న బండి జూన్‌లో ఒక్కసారిగా పరాయిదై పోయిందని డ్రైవర్లు అనుకోవడం ఇందువల్లే.

చుట్టూ తిరిగే లోతైన గాడులు నీటికి ప్రధాన కాలువలు. అడ్డంగా, ఏటవాలుగా ఉండేవి దాన్ని పక్కలకు తోస్తాయి. కత్తితో గీసినట్టుండే సన్నని చీలికలు, అంటే సైప్‌లు, మిగిలిన పలచని పొరను తుడుస్తాయి. 1991–92 ప్రాంతంలో గుడ్‌ఇయర్ ఆక్వాట్రెడ్ టైరు మధ్యలో ఒకే ఒక లోతైన కాలువతో వచ్చి, వాన టైరు అంటే ఇలా ఉంటుందని జనం కంటికి చూపించింది. అమ్మకాలకు ఈ రూపం బాగా పనికివచ్చింది. అసలు మలుపు మాత్రం కంటికి కనపడని చోట, రబ్బరు మిశ్రమంలో వచ్చింది.

అప్పటిదాకా టైరు రబ్బరుకు బలమిచ్చే పదార్థం ప్రధానంగా కార్బన్ బ్లాక్, అంటే మసి. దాని స్థానంలో చాలా భాగం సిలికాను, దాన్ని రబ్బరుతో కట్టిపడేసే సిలేన్ అనే రసాయనాన్ని కలిపి మిషెలిన్ 1992లో ఇంధనం తక్కువ తాగించే టైరును మార్కెట్లోకి తెచ్చింది. దీని కిటుకు రబ్బరు మింగే శక్తి ఉష్ణోగ్రతను బట్టి మారడంలో ఉంది. చక్రం దొర్లేటప్పుడు రబ్బరు సెకనుకు కొన్ని సార్లే నలుగుతుంది. జారే చోట కంకర మొనల తాకిడి సెకనుకు వేల సార్లు ఉంటుంది. రబ్బరుకు వేగపు తాకిడి, చల్లదనం ఒకేలా అనిపిస్తాయి. అందుకే ప్రయోగశాలలో 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర రబ్బరు మింగే శక్తిని తడి పట్టుకు, 60 డిగ్రీల దగ్గర మింగేదాన్ని దొర్లుడు నిరోధానికి సూచికగా తీసుకుంటారు. సిలికా మొదటిదాన్ని పెంచి రెండోదాన్ని తగ్గించింది. 1958 నాటి పేచీ అలా చాలావరకు తీరింది.

వెడల్పు విషయంలో అపోహలు ఎక్కువ. పొడి రోడ్డుకు వెడల్పాటి టైరు మేలు చేస్తుంది. నిలిచిన నీటికి అది శత్రువు. ఒకే బరువు, ఒకే గాలి ఒత్తిడి ఉంటే నేలను తాకే వైశాల్యం దాదాపు మారదు, ఆకారమే మారుతుంది. సన్నని టైరుకు ఆ భాగం పొడవుగా, ఇరుకుగా ఉంటుంది. అది తోసెయ్యాల్సిన నీరు తక్కువ, తోసే వ్యవధి ఎక్కువ. 2013లో వచ్చిన బి.ఎం.డబ్ల్యూ. ఐ3కి 155 మిల్లీమీటర్ల వెడల్పు, 19 అంగుళాల రిమ్ ఉన్న టైర్లు పెట్టారు. గాలి నిరోధం, దొర్లుడు నిరోధం తగ్గించడం వారి ఉద్దేశం, నీటిని చీల్చడం వెంట వచ్చిన లాభం. మన ఊళ్ళలో దీనికి సరిగ్గా ఎదురు పద్ధతి నడుస్తోంది. 185 వెడల్పుతో వచ్చిన కారుకు అందం కోసం పెద్ద అల్లాయ్ రిమ్ములు, 205 లేదా 215 టైర్లు వేయిస్తారు. ఒక అంచె పెంచితే ప్రళయమేమీ రాదు. అయితే గాడులు సగం అరిగాక వానాకాలంలో ఆ తేడా స్టీరింగ్‌లో తెలుస్తుంది. పొట్టి పక్కగోడ టైరును నిలువునా గట్టిపరుస్తుంది గనుక, స్ప్రింగు ముట్టుకోకుండానే సస్పెన్షన్‌ను కూడా కాస్త గట్టి చేసినట్టవుతుంది.

గాలి సంగతిలో రేసు మెకానిక్కులే రెండు వర్గాలుగా కనిపిస్తారు. నిజానికి ఇద్దరూ చెప్పేది వేర్వేరు వానల గురించి. నీరు నిలిచే గట్టి వానలో కొద్దిగా ఎక్కువ గాలి మేలు. తేలే వేగం పెరుగుతుంది, ట్రెడ్ మధ్య భాగం కుంగక గాడులు తెరుచుకుని ఉంటాయి. చెమ్మగిల్లినంతే ఉన్న ట్రాక్ మీద సమస్య చల్లదనం. అక్కడ గాలి కొంచెం తగ్గిస్తే టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుంది, పట్టు వస్తుంది. రోడ్డు కారుకు ఈ రెండో సలహా పనికిరాదు. డ్రైవర్ తలుపు దగ్గరి చీటీలో రాసిన ఒత్తిడే కొలత. చల్లగా ఉన్నప్పుడు కొలిచి, వానాకాలంలో దానికి ఒకటి రెండు పి.ఎస్.ఐ. ఎక్కువ ఉంచినా ఇబ్బంది లేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. గాలికి బదులు నైట్రోజన్ పట్టించడానికీ తడి పట్టుకూ సంబంధం లేదు.

కొనేటప్పుడు చూడవలసిన గుర్తుల విషయానికొస్తే, ఐరోపా సమాఖ్య 2012 నవంబరు నుంచి టైర్లకు తడి పట్టు తరగతుల చీటీ తప్పనిసరి చేసింది. 2021 మేలో దాన్ని ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా అయిదు తరగతులుగా సవరించింది. భారత ప్రభుత్వం కూడా దొర్లుడు నిరోధం, తడి పట్టు, శబ్దం మూడింటికీ ఏ.ఐ.ఎస్. 142 ప్రమాణాన్ని 2022లో నోటిఫై చేసింది. ఐరోపా పద్ధతిలో పలచగా తడిపిన రోడ్డు మీద 80 నుంచి 20 కిలోమీటర్లకు బ్రేకు వేసి, ఒక ప్రమాణ టైరుతో పోలుస్తారు. ఈ పరీక్ష నిలిచిన నీటిలో తేలే గుణాన్ని కొలవదు, మలుపులో పట్టునూ కొలవదు. పైగా కొలిచేది కొత్త టైరును. ఈ లోటు తీర్చడానికి 2024 జూలై నుంచి ఐరోపాలో కొత్త రకం కారు టైర్లను అరిగిన స్థితిలోనూ పరీక్షించాలన్న నియమం వచ్చింది. మన దగ్గర అమ్మే చాలా టైర్ల పక్కగోడల మీద అమెరికా వారి ‘ట్రాక్షన్’ అక్షరం ఉంటుంది. అది కూడా తడి రోడ్డు మీద నేరుగా వెళ్తూ బ్రేకు వేసినప్పటి కొలతే. దాని పక్కనే ఉండే ‘ట్రెడ్‌వేర్’ అంకె మన్నికను చెబుతుంది. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచి టైరని అమ్మేవారు చెప్పే మాట వానకు వర్తించదు. ఎక్కువ కాలం మన్నేలా గట్టిగా చేసిన రబ్బరు తడిలో వెనకబడడం మామూలే.

పక్కగోడ మీద నాలుగు అంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. గాడులు నిండుగా ఉన్నా ఏళ్ళు గడిచిన రబ్బరు గట్టిపడి కంకర మొనల చుట్టూ ఒదగదు. తక్కువ తిరిగే కార్లకు అరుగుదల కంటే వయసే పెద్ద శత్రువు.

సస్పెన్షన్

టైరు గురించి ఒక లక్షణం తెలియకపోతే ఈ భాగమంతా అయోమయంగా ఉంటుంది. టైరు మీద బరువు పెరిగితే దాని పట్టు పెరుగుతుంది, కాని అదే నిష్పత్తిలో పెరగదు. ఉదాహరణకు 300 కిలోల బరువు దగ్గర ఘర్షణ గుణకం 1.0 ఉంటే 500 కిలోల దగ్గర 0.9 కావచ్చు. ఒక ఇరుసు మీది రెండు టైర్లూ సమానంగా బరువు మోస్తే వచ్చే మొత్తం పట్టు, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా మోస్తే రాదు. మలుపులో బరువు లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి బదిలీ అవుతుంది. ఆ బదిలీ ఎంత పెరిగితే ఆ ఇరుసు పట్టు అంత తగ్గుతుంది. తడిలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. బరువు తగ్గిన లోపలి టైరు నేలను తాకే పొడవు కుంచించుకుపోతుంది, నీటిని తోసే వ్యవధి తగ్గుతుంది, పట్టు ఇచ్చే మూడో భాగం దానికి ముందుగా మాయమవుతుంది.

మొత్తం బదిలీ కారు బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య దూరం, మలుపు వేగం మీద ఆధారపడుతుంది. స్ప్రింగుల గట్టిదనంతో దానికి దాదాపు సంబంధం లేదు. 1200 కిలోల కారు, 0.55 మీటర్ల గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య 1.5 మీటర్లు తీసుకోండి. పొడి రోడ్డు మీద 0.9 జి (జి అంటే గురుత్వ త్వరణం) మలుపులో సుమారు 400 కిలోలు లోపలి వైపు నుంచి బయటికి పోతాయి. వానలో 0.5 జి దొరికిందనుకుంటే బదిలీ 220 కిలోలే. అంటే వానలో కారు తక్కువ వాలుతుంది, తక్కువ వంగుతుంది. పొడి రోడ్డుకు సరిపోయిన గట్టిదనం ఇక్కడ అవసరానికి మించినదవుతుంది.

మరి మెత్తన చేస్తే ఏం దక్కుతుంది? ముఖ్యంగా రెండు. మొదటిది, గతుకుల మీద చక్రం నేలను వదలకుండా ఉండడం. మెత్తని స్ప్రింగుతో చక్రం మీది బరువు తక్కువగా పెరిగి తరుగుతుంది. పొడి రోడ్డు మీద ఒక గతుకు దగ్గర క్షణం పాటు పట్టు తగ్గినా టైరు మళ్ళీ అందుకుంటుంది. తడిలో హద్దుకు దగ్గరగా ఉన్న టైరు ఆ క్షణంలోనే జారుడు మొదలుపెడుతుంది. రెండోది, బరువు బదిలీ నెమ్మదించడం. డ్రైవర్ స్టీరింగ్ తిప్పాక, బ్రేకు వదిలాక కారు మెల్లగా ఒరుగుతూ ఏం జరగబోతోందో ముందే చెబుతుంది. హద్దు దాటడం కూడా హఠాత్తుగా జరగదు. నా అంచనాలో వాన సెటప్ అసలు సారం రెండోదే. గడియారం మీద దాని లాభం చిన్నదే కావచ్చు, డ్రైవర్‌కు ఇచ్చే ధైర్యం పెద్దది.

ఎంత మెత్తన అన్నది ఊహాగానం కాకూడదు. ఒక మూల మీద స్ప్రింగు మోసే బరువు 300 కిలోలు, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లు అయితే బాడీ సహజ కంపన వేగం సెకనుకు 1.6 సార్లు, అంటే 1.6 హెర్ట్జ్. కుటుంబాల కార్లు మామూలుగా 1 నుంచి 1.5 మధ్య, స్పోర్ట్స్ కార్లు 2 దాకా, గాలి ఒత్తిడితో నేలకు అదిమే రేసు కార్లు 3 నుంచి 5, ఆపైన కూడా ఉంటాయి. స్ప్రింగును 25 శాతం మెత్తన చేస్తే ఈ అంకె తగ్గేది 13 శాతమే, వర్గమూలం మహిమ. పొడి రోడ్డు కోసం గట్టిగా కట్టిన కారుకు ఈ మార్పు అర్థవంతం. ఇప్పటికే 1.2 హెర్ట్జ్ దగ్గర ఉన్న కుటుంబ కారును ఇంకా మెత్తన చేస్తే కుంగి, బంపు రబ్బరుకు తగిలి, ఆ క్షణంలో అన్నిటికంటే గట్టి సస్పెన్షన్‌గా మారుతుంది.

స్ప్రింగు మార్చి షాక్ అబ్జార్బర్‌ను వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. ఊగుడును ఆపే నిష్పత్తి స్ప్రింగు గట్టిదనపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. స్ప్రింగును 25 శాతం తగ్గించి షాక్ అబ్జార్బర్‌ను అలాగే ఉంచితే ఆ నిష్పత్తి 15 శాతం పెరుగుతుంది. మెత్తని స్ప్రింగు పెట్టి బిగుసుకున్న కారును తయారుచేసినట్టే. సర్దుబాటు మరలున్న షాక్ అబ్జార్బర్లలో బంప్ (నొక్కుకునే దశ), రీబౌండ్ (సాగే దశ) రెండూ కొన్ని క్లిక్కులు వదులు చేస్తారు. ముఖ్యంగా పిస్టన్ నెమ్మదిగా కదిలే దశలో పనిచేసే భాగాన్ని వదులు చేస్తారు, కారు ఒరగడం, ముందుకు వాలడం ఆ దశలోనే జరుగుతాయి కనుక. మరీ వదిలితే గతుకు తరవాత చక్రం గెంతుతూనే ఉంటుంది, చేసిన మేలంతా పోతుంది.

యాంటీ రోల్ బార్‌ది వేరే పాత్ర. మన మెకానిక్కులు స్టెబిలైజర్ రాడ్ అనేది దీన్నే. ఎడమ, కుడి చక్రాలను మెలితిరిగే కడ్డీతో కలిపి ఇది బాడీ ఒరగడాన్ని తగ్గిస్తుంది. మొత్తం బదిలీ మారకపోయినా, అందులో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది రెండు బార్ల నిష్పత్తి నిర్ణయిస్తుంది. వెనక బార్ వదులు చేస్తే వెనక టైర్లు బరువును సమానంగా పంచుకుంటాయి, వెనక పట్టు పెరుగుతుంది. వెనక చక్రాలతో నడిచే రేసు కారు వానలో మలుపు దాటుతూ యాక్సిలరేటర్ తొక్కగలగడం దీనిమీదే ఆధారపడుతుంది. అందుకే చాలా జట్లు మొదట ముట్టుకునేది వెనక బార్‌నే, కొందరు పూర్తిగా విప్పేస్తారు. ముందు చక్రాలతో నడిచే కార్లు వానలో ముక్కు తిరగక బయటికి పోతాయి. ముందు బార్ వదిలితే ముక్కు లోపలికి వస్తుంది, దానికి ప్రతిగా వెనక భాగం తేలికవుతుంది. రేసులో ఇది డ్రైవర్ నైపుణ్యాన్ని బట్టి తీసుకునే నిర్ణయం. రోడ్డు మీద మాత్రం ముక్కు బయటికి పోయే స్వభావాన్ని చెడగొట్టకపోవడమే క్షేమం. భయపడిన మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటర్ వదలడం. వెనక భాగం తేలికగా ఉన్న కారు అదే క్షణంలో గిరగిరా తిరిగిపోతుంది.

చక్రాల కోణాలూ, బ్రేకుల పంపకమూ ఈ లెక్కనే అనుసరిస్తాయి. ఒరగడం తగ్గింది కాబట్టి చక్రాల పై అంచులను లోపలికి వంచే నెగెటివ్ క్యాంబర్ అంత అక్కర్లేదు, రేసు జట్లు దాన్ని అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ తగ్గిస్తాయి. బ్రేకు సంగతి ఇంకా స్పష్టం. పైన లెక్క వేసిన 1200 కిలోల కారుకే ఇరుసుల మధ్య 2.5 మీటర్లు, నిలిచి ఉన్నప్పుడు ముందు 60 శాతం బరువు అనుకుంటే, పొడి రోడ్డు మీద 0.9 జి బ్రేకులో ముందు వాటా సుమారు 80 శాతానికి చేరుతుంది. వానలో 0.5 జి దగ్గర 71 శాతమే. వెనక చక్రాలు ఎక్కువ పని చెయ్యగలవు కాబట్టి రేసు డ్రైవర్ బ్రేకు పంపకాన్ని వెనక్కి జరుపుతాడు. రోడ్డు కార్లలో ఏ.బి.ఎస్.తో కలిసి వచ్చే ఇ.బి.డి. ఆ పనిని తనంతట తాను చేస్తుంది.

రేసు ట్రాక్ మీద

1968 ఆగస్టులో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో వాన, పొగమంచుల మధ్య జాకీ స్టీవర్ట్ మాత్రా కారులో నాలుగు నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. మణికట్టు విరిగి కట్టు ఉన్న చేత్తో నడిపిన ఆ పందెం ధైర్యసాహసాల కథగా నిలిచిపోయింది. డన్‌లాప్ వాన టైర్ల వాటా కూడా అందులో చిన్నది కాదు. 1971లో స్పెయిన్ గ్రాండ్ ప్రీకి ఫైర్‌స్టోన్ గాడులే లేని స్లిక్ టైర్లు తెచ్చాక ఎండ టైరు, వాన టైరు పూర్తిగా వేరైపోయాయి. ఇప్పటి ఫార్ములా వన్‌లో పిరెల్లి నీలం గుర్తు వాన టైరు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్లు, ఆకుపచ్చ గుర్తు ఇంటర్మీడియట్ 30 లీటర్లు తోడగలవని ఆ కంపెనీ చెబుతుంది. వాన టైరు వ్యాసం స్లిక్ కంటే పెద్దది. టైరు మార్చగానే కారు నేల నుంచి కొన్ని మిల్లీమీటర్లు లేస్తుంది. కారు అడుగున ఉండే చెక్క పలక నీటిని తాకి కారే తేలిపోకుండా ఇది కాపాడుతుంది.

అయినా టైరు ఎంత తోడితే అంత నీరూ తుంపరగా లేచి వెనక డ్రైవర్ కళ్ళు మూస్తుంది. 2021 ఆగస్టులో బెల్జియంలోని స్పాలో సేఫ్టీ కారు వెనక కొన్ని చుట్లు మాత్రమే తిరిగి సగం పాయింట్లతో పందెం ముగించాల్సివచ్చింది. అక్కడ సమస్య పట్టు కంటే చూపుది.

సస్పెన్షన్ సర్దే స్వేచ్ఛ మాత్రం తగ్గిపోయింది. ఫార్ములా వన్‌లో 2003 నుంచి అర్హత పోటీ తరవాత కారు అమరికను మార్చనివ్వని పార్క్ ఫెర్మే నియమం అమల్లో ఉంది. శనివారం ఎండలో సిద్ధం చేసిన కారుతో ఆదివారం వానలో పరిగెత్తాలి. వాన వస్తుందనుకుంటే ముందురోజే కాస్త మెత్తన చేసి, ఎత్తు పెంచి, ఎండలో కొంత వేగం వదులుకోవాలి. జట్ల వాతావరణ నిపుణులకు ఇంత విలువ రావడానికి ఇదో కారణం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెంలో ఇంకో దారి కనిపించింది. ఆ పోటీల్లో ఎండకూ వానకూ ఒకే గాడుల టైరు, ఆ ఏటి నుంచి హాంకుక్ తయారీ. పొడి ట్రాక్ మీద స్లిక్ ఇచ్చే పట్టు దానికి లేదు. తక్కువ పట్టుతో, బరువును జాగ్రత్తగా కదిలిస్తూ నడపడం ఆ డ్రైవర్లకు ఎండలోనూ అలవాటే.

ట్రాక్ తడిస్తే దారి కూడా మారుతుంది. ఎండలో అందరూ తిరిగే గీత మీద రబ్బరు పరుచుకుని, కంకర నున్నబడి, వానలో అది గాజులా జారుతుంది. అనుభవమున్న డ్రైవర్లు మలుపు బయటి అంచున, ఎవరూ తొక్కని గరుకు తారును వెతుక్కుంటారు. సస్పెన్షన్‌లో ఎన్ని క్లిక్కులు తిప్పినా ఇంత లాభం అరుదు.

రోడ్డు కారు విషయంలో

కంపెనీ నుంచి వచ్చిన కారు సస్పెన్షన్ వానకు మెత్తన చెయ్యాల్సినంత గట్టిగా ఉండదు. చెయ్యాల్సింది దాన్ని పాడుచేయకపోవడం, పాడైనదాన్ని సరిచేయడం. కారు ఎత్తు పెంచడానికి స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించడం మన దగ్గర విరివిగా జరుగుతుంది. స్ప్రింగు గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమం. ఆరు చుట్లలో ఒకటి బిగుసుకుపోతే అది 20 శాతం గట్టిపడుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు తగలకపోవచ్చు గాని, తడి మలుపులో గతుకు తగిలినప్పుడు చక్రం గెంతుతుంది. పైగా ముందు రెండింటికో వెనక రెండింటికో మాత్రమే వేయిస్తే ముందు వెనకల పంపకమే మారిపోతుంది. స్ప్రింగులు కోయించి కారును కిందికి దించడం ఇంతకంటే హానికరం.

షాక్ అబ్జార్బర్ చడీ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. నెలనెలా కొంచెం కొంచెంగా బలం తగ్గుతుంటే డ్రైవర్ దానికి అలవాటు పడతాడు. నూనె కారిన మరకలు, వేగంలో గతుకు దాటాక రెండు మూడు సార్లు ఊగడం, టైరు ట్రెడ్ మీద గుంటలు గుంటలుగా అరుగుదల దాని లక్షణాలు. అలాంటి చక్రం నేల మీద నిలకడగా ఉండదు గనుక ఏ.బి.ఎస్. కూడా దాన్ని సరిగా చదవలేదు, తడి రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది. మార్చేటప్పుడు ఒక ఇరుసుకు రెండూ మార్చాలి. అరిగిన బుష్‌లు, తప్పిన అలైన్‌మెంట్ కూడా ఈ లెక్కలోవే. సరిచూసిన అలైన్‌మెంట్‌తో, మంచి షాక్ అబ్జార్బర్లతో ఉన్న మామూలు కారు, ఖరీదైన కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన సర్దుబాటు జతలు) బిగించి సర్దడం రాని కారు కంటే వానలో మెరుగు.

రెండే కొత్త టైర్లు కొంటే అవి వెనక వేయాలి. ఈ మాట చాలామందికి మింగుడు పడదు. ఇంజిన్ లాగేదీ, స్టీరింగ్ తిప్పేదీ ముందు చక్రాలు కదా అని టైర్ల దుకాణంలో వాదన పెట్టుకుంటారు. ముందు టైర్లు నీటి మీద తేలితే స్టీరింగ్ తేలికవుతుంది, కారు నేరుగా పోతుంది, డ్రైవర్ వేగం తగ్గిస్తే పట్టు తిరిగి వస్తుంది. వెనక టైర్లు తేలితే స్టీరింగ్ ఏ హెచ్చరికా ఇవ్వదు, వెనక భాగం పక్కకు వచ్చేస్తుంది. దాన్ని సరిదిద్దే నేర్పు ఎక్కువమందికి లేదు. 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో మొదలైన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ వ్యవస్థ ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి కారును దారిలో ఉంచడానికి చూస్తుంది. అది ఉన్నా ఈ నియమం మారదు. ఆ వ్యవస్థ వాడుకునేది టైరు పట్టునే, తేలుతున్న చక్రానికి వేసిన బ్రేకు ఏ పనీ చెయ్యలేదు.